ఇబ్రాలో జమ్మి

మందమర్రి గనుల కాలనీలో ఉన్నన్నాళ్ళూ దసరా సాయంత్రం సారక్కకు ఒకటే పని. వాకిలి ఊడ్చి, ముఖం కడుక్కుని, గడపలో నిలబడటం. భర్త గట్టయ్య మైదానంలో జమ్మి పూజ అయ్యాక జేబు నిండా ఆకు పట్టుకొచ్చేవాడు. తోవలో ఎంతమంది ఎదురైనా జేబులో చెయ్యి పెట్టేవాడు కాదు. మొదటి ఆకు భార్య అరచేతిలోనే పడాలి. "బంగారం తీసుకో సారా, బంగారం లెక్క ఉండు" అనేవాడు. పక్క క్వార్టర్లవాళ్ళు నవ్వినా పట్టించుకునేవాడు కాదు.

గుండె ఆగి గట్టయ్య చనిపోయిన ఏడు, కాలనీవాళ్ళు జమ్మి తెచ్చి తలుపు తట్టారు. సారక్క తీయలేదు.

తర్వాత కూతురు నవీనను కరీంనగర్‌లో నర్సింగు చదువుకు హాస్టల్లో చేర్చి, తాను ఒమన్ దేశంలోని ఇబ్రా పట్టణానికి వెళ్ళింది. నడవలేని ఒక ముసలమ్మకు స్నానం చేయించి, తినిపించి, తోడుండటం ఆమె పని. ఇంట్లో అందరూ ఆ ముసలమ్మను 'మామా' అనేవారు, అక్కడి మాటలో అమ్మా అని. అత్త వయసు మనిషిని మామా అని పిలవాల్సి వచ్చినందుకు సారక్కకు మొదట్లో నవ్వొచ్చేది. ఆ నవ్వు పంచుకోవడానికి మాత్రం ఎవరూ లేరు.

ఒకరోజు మామా గౌను వదులు చేయించడానికి వీధి చివర బట్టలు కుట్టే దుకాణానికి వెళ్ళింది. "గీ గుండీ ఏడ పడ్డదో ఏమో" అని తనలో తాను గొణుక్కుంటుంటే లోపల మిషను చప్పుడు ఆగిపోయింది.

"అక్కా, నీది ఏ ఊరు?" అంటూ లేచి వచ్చింది ఒకామె.

ఆమె తహసీన్. ఆసిఫాబాద్ మనిషి. ఆరోజు గౌను సంగతి ఇద్దరూ మరిచిపోయారు. ఆ తర్వాత ప్రతి సెలవుకూ తహసీన్ వచ్చి సారక్క గదిలో కూర్చునేది.

ఆ ఏడు దసరా శనివారం, అక్కడి వారాంతపు సెలవునాడు వచ్చింది. తల్లిని చూడటానికి మామా కూతురు రావడంతో సారక్కకు సాయంత్రం సెలవు దొరికింది. తహసీన్‌ను తిండికి పిలిచి, గారెలు కాల్చిపెట్టింది. తహసీన్ వచ్చింది కానీ కూర్చోలేదు.

"గారెలు ఏడికి పోవుగని, ముందుగాల నాతోని రా."

"ఏడికే?"

"చెప్త. చెప్పులేసుకో."

ఖర్జూరం తోటలు దాటి, ఎండిపోయిన వాగులోకి దిగారు. అవతలి గట్టున, వేలాడే కొమ్మలతో ఒక చెట్టు. కింద మేకలు, వాటిని కాస్తూ ఒక ముసలావిడ.

"గిదేం చెట్టో చెప్పు" అంది తహసీన్.

"గాఫ్ అంటరు గీళ్ళు. అంతట ఉంటయి."

"మంచిగ చూడు."

సారక్క దగ్గరికి వెళ్ళి చూసింది. సన్నటి ఆకులు, చిన్న ముళ్ళు. జమ్మిని ఆమె ఎప్పుడూ అరచేతిలో చూసిందే తప్ప చెట్టు మీద చూడలేదు. ఒక రెమ్మను వేళ్ళతో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"జమ్మి!"

"మరి! మా ఇంటెనక గిసొంటిదే ఉండె. దసరా అంటే బస్తీ అంత మా గల్లీలనే. అందరు మా అబ్బా చేతుల ఆకు పెట్టి అలాయ్ బలాయ్ తీసుకుందురు. నేను ముళ్ళు గుచ్చుకుని ఎంత ఏడ్చిన్నో! మొన్న ఇటు బట్టలియ్యవోతుంటే చూసిన. నీకు పండుగనాడే చూపిద్దామని ఆగిన. తెంపక్కా."

"మొగోళ్ళు గద తెంపుతరు. నేనెన్నడు తెంపలే. అండ్ల నేను..." సారక్క రెమ్మను వదిలేసింది. "ఆయన లేడు గద."

తహసీన్ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "ఉంటే ఆయనే తెస్తుండె. లేడు. అయితే నీకు పండుగ లేకుంట పోతదా?"

మేకలు కాసే ముసలావిడ వీళ్ళనే చూస్తోంది. సారక్క తనకొచ్చిన నాలుగు అరబ్బీ ముక్కలతో, ఆకు తెంపుకోవచ్చా అని అడిగింది. కొమ్మ విరవొద్దని ముసలావిడ చేత్తో చెప్పి, తలూపింది.

సారక్క రెండు చేతులూ జోడించి చెట్టుకు మొక్కి, గుప్పెడు ఆకు తెంపింది. కాసేపు చేతిలోకి చూసుకుంది. తర్వాత తహసీన్ అరచెయ్యి తెరిచి అందులో పెట్టింది.

"బంగారం తీసుకో చెల్లె. బంగారం లెక్క ఉండు."

తహసీన్ ఆ ఆకులో సగం తిరిగి ఆమె చేతిలోనే పెట్టింది. ఇద్దరూ కౌగిలించుకుని అలాయ్ బలాయ్ తీసుకున్నారు. సారక్క వెంటనే వదల్లేదు. గట్టయ్య పోయాక మరో మనిషిని పట్టుకుని ఏడవడం ఆమెకు అదే మొదలు. తహసీన్ ఆమె వీపు నిమురుతూ నిలబడింది. సంగతేమిటో తెలియకపోయినా మేకల ముసలావిడ లేచి వచ్చి నీళ్ళ సీసా అందించింది. సారక్క నీళ్ళు తాగి, ఆమె చేతిలోనూ రెండాకులు పెట్టింది.

తిరిగి వస్తూ దారిలోనే నవీనకు ఫోన్ చేసింది.

"అవ్వా, హాస్టల్ల అందరం జమ్మి పంచుకున్నం. ఆడ నీకెవరు పెట్టిండ్రే?"

"తహసీన్ పిన్ని పెట్టింది. తెంపింది మాత్రం నేనే బిడ్డా."

"నువ్వా? చెట్టు మీదికెల్లి?"

"ఆఁ. నేనే."

అవతల నవీన కేక వేసి, పక్కనున్న పిల్లలకు "మా అవ్వ తెంపిందట!" అని చెప్పడం వినిపించింది. సారక్క ముక్కు ఎగబీల్చి నవ్వింది.

ఇంటికొచ్చేసరికి మామా మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. వంటింట్లోంచి వచ్చే వాసన దేనిదని కూతురిని అడుగుతోంది. సారక్క గారెలు తెచ్చి, మెత్తటిది చూసి చిన్న ముక్కలు చేసింది. తహసీన్ నేల మీద బట్ట పరిచి, పళ్ళేలు సర్దింది. మామా ఒక ముక్క నమిలి, ఇంకొకటి ఇమ్మని చెయ్యి చాపింది.