సన్నజాజి మొదట్లో బండ

జనగామలో మా పక్కింటి అవ్వ వాకిట్లో సన్నజాజి నాటి, పెంట ఎరువు వేసి, తీగ మొదట్లో వేళ్లకు నీడగా ఒక బండ పరిచింది. ఎందుకని అడిగితే ఒకటే మాట: "కాళ్లు సల్లగుండాలె బిడ్డా, గప్పుడే తల ఎండల నిలుస్తది."

ఉద్యమం రోజుల్లో ఊరేగింపు నుంచి వచ్చిన పోరగాళ్లను ఆ జాజి పందిరి కింద కూర్చోబెట్టి, కాళ్ల మీద నీళ్లు పోస్తూ కూడా అదే మాట అనేది. ఠాణాలో అరికాళ్ల మీద కొట్టించుకొచ్చిన మనవడి కాళ్లను కూడా అక్కడే బకెట్ నీళ్లలో పెట్టింది.

తెలంగాణ వచ్చింది. సంబరాలకు ఒక నాయకుడు వస్తున్నాడని అవ్వ గోడకు ఫ్లెక్సీ కట్టారు. ఆయన ముఖానికి అడ్డమని, ఇంకా కుంటుతున్న మనవడి కళ్ల ముందే తీగను నరికేశారు. నరికినవాళ్లు ఒకప్పుడు ఆ పందిరి కింద కూర్చున్నవాళ్లే.

"మొదలున్నది గద అవ్వా, మల్ల చిగురేస్తది" అన్నాడొకడు.

అవ్వ వంగి, బండను తీసి పక్కన పడేసింది. "తలనే కోసిండ్రు. ఇగ కాళ్లకు నీడెందుకురా?" అంది.

ఆ ఎండలకు మొదలు కూడా మాడిపోయింది. ఫ్లెక్సీ మీది ముఖం మాత్రం చిరిగేదాకా నవ్వుతూనే ఉంది.