టవరుకు వీపు పెట్టిన యాంటెన్నా

1993 వేసవిలో నన్ను కటింగ్ బల్ల నుంచి ఫిట్టింగ్ పనికి మార్చారు. విజయవాడ వన్‌టౌన్‌లో ఇళ్ళకు టీవీ యాంటెన్నాలు తయారుచేసి బిగించే షాపు అది. అప్పటికి ఏడేళ్ళుగా అల్యూమినియం గొట్టాలు కొలిచి కోయడం, రంధ్రాలు వేయడం నా పని. కంకిపాడులో నాలుగో తరగతి దాకా చదివాను. కొలతలకు ఆ చదువు సరిపోయింది.

నా పనితనం చూసి మార్చారని ఎవరూ అనుకోనక్కర్లేదు. మా షాపు చుట్టుపక్కల గోషా పాటించే ముస్లిం కుటుంబాలు చాలా ఉండేవి. మగ ఫిట్టరు ఒక మేడ ఎక్కితే, చుట్టూ ఉన్న నాలుగిళ్ళ పెరళ్ళలో ఆడవాళ్ళంతా చేతిలో పని వదిలేసి లోపలికి పోవాలి. అతను దిగేదాకా బయటికి రాకూడదు. ఈ గొడవ పడలేక ఓనరు గారు ఆడమనిషిని పంపి చూద్దామన్నారు. మూడు నెలలు చూస్తాననీ, ఒక్క ఇంటి నుంచి ఫిర్యాదు వచ్చినా మళ్ళీ బల్ల దగ్గరే కూర్చోబెడతాననీ చెప్పారు. ఆ బల్ల దగ్గర ఎగిరే పొడికి నాకు దగ్గు పట్టుకుంది. తిరిగి వెళ్ళే ఉద్దేశం నాకు లేదు.

షాపులో హెల్పరు పైన ఫిట్టరు, ఫిట్టరు పైన మెకానిక్. మెకానిక్ వెంకటేశ్వర్లు గారికి ఈ ఏర్పాటు నచ్చలేదు. ఆడవాళ్ళు మేడలెక్కితే మేం బల్ల దగ్గర కూర్చోవాలా అని అడిగారు. కూర్చుంటే మంచిదేనన్నాను.

యాంటెన్నా గురించి తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. పొడుగాటి గొట్టం మీద అడ్డంగా పుల్లలుంటాయి. అన్నిటికంటే పొడుగు పుల్ల వెనక, పొట్టి పుల్లలు ముందు. పొట్టి పుల్లలు బొమ్మలు పంపే టీవీ టవరు వైపు చూడాలన్నది షాపులో మొదట నేర్పే పాఠం. బిగించడానికి ఇద్దరు కావాలి. పైన ఒకరు స్తంభం తిప్పుతుంటే కింద ఒకరు బొమ్మ చూస్తూ వచ్చింది, పోయింది అని కేకలేయాలి.

నన్ను మొదట పంపింది కొండవాలులో ఉన్న ఖాదర్ సాయిబు గారింటికి. ఆయనకు గాజుల కొట్టుంది. ఆ ఇంటికి వెనక కొండ, కొండకు అవతల టవరు. ఇంటికి ఎదురుగా, కాస్త దూరంలో ఇంకో కొండ. అంతకుముందే వెంకటేశ్వర్లు గారు వెళ్ళి, పొట్టి పుల్లలు టవరు వైపు పెట్టి పది నిమిషాల్లో దిగొచ్చారు. బొమ్మ రెండుగా పడింది. ఆయన మళ్ళీ వెళ్ళి బూస్టరు తగిలించారు. బూస్టరు ఏది వస్తే దాన్ని పెద్దది చేస్తుంది. రెండు బొమ్మలూ పెద్దవయ్యాయి.

నేను వెళ్ళేసరికి సాయిబు గారి తల్లి సకీనా బీ గారు మంచం మీద కూర్చుని టీవీ చూస్తున్నారు. ఆమెకు డెబ్బై దాటి ఉంటాయి.

“వార్తలు చదివే అమ్మాయి వెనకాల ఇంకో అమ్మాయి నిలబడి ఉంటుంది. ఆమె ఎవరమ్మా?” అని అడిగారు.

ఎవరూ లేరనీ, అది ఆ అమ్మాయి నీడేననీ చెప్పాను.

“ఒకళ్ళు చదివితే చాలు. రెండో ఆమెని ఇంటికి పంపించెయ్,” అన్నారు.

ముందు బూస్టరు ఊడదీసి సంచిలో వేసుకున్నాను. అవసరం లేని వస్తువు ఇంట్లో ఉండకూడదు. అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. కింద బొమ్మ చూసి చెప్పాల్సింది కోడలు మెహరున్నీసా గారు. ఆమె గొంతు వీధిలోకి వినపడకూడదు. ఆమెకొక స్టీలు పళ్ళెం, గరిటె ఇచ్చి, బొమ్మ బాగుంటే ఒక దెబ్బ, చెడితే రెండు దెబ్బలు కొట్టమన్నాను.

చీర కుచ్చిళ్ళు దోపుకుని మేడ ఎక్కాను. టవరు వైపు పెడితే రెండు దెబ్బలు. అరచేతి వెడల్పు తిప్పాను, రెండు. ఇంకా తిప్పాను, రెండే. తిప్పిన ప్రతిచోటా స్తంభం మీద సుద్దతో గీత పెట్టుకున్నాను. పొట్టి పుల్లలు టవరుకు పూర్తిగా వీపు పెట్టి ఎదురు కొండ వైపు తిరిగినప్పుడు ఒక్క దెబ్బ వినపడింది. నమ్మకం కుదరక మళ్ళీ మొత్తం చుట్టూ తిప్పాను. మళ్ళీ అక్కడే ఒక దెబ్బ. మూడోసారీ అంతే. స్తంభం కదలకుండా పట్టి ఉంచే క్లాంపు బిగించాను.

కారణం కష్టమైనదేం కాదు. టవరు నుంచి తిన్నగా వచ్చేదానికి వెనక కొండ అడ్డం. ఎదురు కొండకు తగిలి తిరిగి వచ్చేది దానికంటే బలంగా ఉంది. రెండూ కాస్త ముందూ వెనకగా చేరితే రెండు బొమ్మలు పడతాయి. ఒకదానికి వీపు పెడితే రెండోది ఒక్కటే మిగులుతుంది.

సాయంత్రం సాయిబు గారు కొట్టు నుంచి వస్తూ మేడ వైపు చూశారు. వీధిలో యాంటెన్నాలన్నీ ఒక వైపు, ఆయనది ఒక్కటీ ఇంకో వైపు. ఎదురింటాయన ఏమన్నాడో నాకు తెలియదు. ఏదో అని ఉంటాడు. సాయిబు గారు ఇంట్లోకి కూడా వెళ్ళకుండా నేరుగా షాపుకొచ్చారు. పుల్లలు ఎటుండాలో తెలియని మనిషిని పంపారని వెంకటేశ్వర్లు గారు అందరూ వినేలా అన్నారు. ఓనరు గారు బల్ల వైపు ఒకసారి చూసి, పొద్దున్నే వెళ్ళి సరిచేయమన్నారు. మెకానిక్ గారు దగ్గరుండి చూస్తారన్నారు.

మర్నాడు ఆయన మేడ ఎక్కడానికి లేదు కాబట్టి వీధిలో నిలబడి, టవరు వైపు తిప్పమని చేత్తో చూపించారు. పక్కన సాయిబు గారు నిలబడ్డారు. పైవాళ్ళు చెప్పింది చేయాలి. తిప్పాను. లోపల పళ్ళెం మీద రెండు దెబ్బలు పడ్డాయి. కాసేపటికి మళ్ళీ రెండు. ఆ తర్వాత ఆగకుండా పడ్డాయి. సాయిబు గారు లోపలికి వెళ్ళి వచ్చారు.

“వెనక్కే తిప్పమనండి,” అన్నారు.

వెంకటేశ్వర్లు గారు ఒప్పుకోలేదు. “అట్టా కుదరదు సాయిబు గారూ. యాంటెన్నా అన్నాక టవరు వైపు చూడాలండి. అది రూలు.”

అప్పుడు గుమ్మం పరదా వెనక నుంచి సకీనా బీ గారి గొంతు వినపడింది. ఆ గొంతు వీధిలో ఎవరూ విన్నది కాదని తర్వాత మెహరున్నీసా గారు చెప్పారు.

“బాబూ, మేము టవరు చూడం. టీవీ చూస్తాం.”

వెంకటేశ్వర్లు గారు సైకిలెక్కి వెళ్ళిపోయారు. నేను ముందురోజు ఒక దెబ్బ పడ్డ సుద్ద గీత దగ్గరికి తిప్పి క్లాంపు బిగించాను. ఒక దెబ్బ వినపడ్డాక దిగాను. సాయిబు గారు షాపుకు కబురు చేశారు, ఫిర్యాదేమీ లేదని. మూడు నెలలు నిండాక ఓనరు గారు నా పేరు ఫిట్టర్ల వరసలో రాశారు. బల్ల దగ్గరికి వేరే మనిషిని పెట్టుకున్నారు. ఆ వీధిలో మిగతా ఇళ్ళవాళ్ళు టీవీలో మనుషులు జంటగానే ఉంటారనుకుని అలవాటు పడ్డవాళ్ళు. ఒక్కొక్కరే వచ్చి పిలిచారు.

ఇళ్ళ మీద యాంటెన్నాలు పోయి కేబుల్ వచ్చేదాకా ఆ పనే చేశాను. ఏ ఇంట్లోనూ పక్కింటి యాంటెన్నా చూసి దిక్కు పెట్టలేదు. పూర్తిగా ఒక చుట్టు తిప్పి చూడకుండా క్లాంపు బిగించలేదు. దీనికి అరగంట ఎక్కువ పడుతుంది. హెల్పర్లు సణిగేవాళ్ళు, సణగనిచ్చాను. మేడ మీద ఉన్న మనిషికి బొమ్మ కనపడదు. కింద కూర్చుని చూసేవాళ్ళను అడగాలి, వాళ్ళు చెప్పినచోటే గీత పెట్టుకోవాలి.