అంచు ముక్క

పాతికేళ్ళకు పైగా నేనొక బ్రెడ్డు ప్యాకెట్టు మోస్తున్నాను. చేత్తో పట్టుకుంటే బరువే తెలియని వస్తువు. ఇన్నేళ్ళలో ఎవరి ముందూ దించలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది పెదబయలు వైపు ఒక కొండ ఊరు. తొంభైల్లో మా ఊరికి బ్రెడ్డు ఒకే ఒక్క పని మీద వచ్చేది. నెలలో మొదటి ఆదివారం చర్చిలో ప్రభు బల్ల ఉంటుంది, ఏసు చివరి విందు గుర్తుగా రొట్టె, ద్రాక్షరసం పంచుతారు. దానికోసం శనివారం జీపులో ఒక ప్యాకెట్టు దిగేది, మైనం కాగితంలో చుట్టి. ఆదివారం పొద్దున్న పాస్టరుగారి భార్య దాని అంచులన్నీ కోసేసి, లోపలి తెల్లటి భాగాన్ని గోరంత ముక్కలు చేసేది. మా ఊరందరికీ బ్రెడ్డు అంటే ఆ గోరంతే. నాలుక మీద పెట్టుకున్నామో లేదో, ద్రాక్షరసంలో కరిగిపోయేది. మరి ఆ అంచులు? అవెలా ఉంటాయి? ఇంటి దగ్గర రోజూ అదే సోడి అంబలి, అదే సోడి రొట్టె; మీరు రాగులనేవే మా సోడులు. ప్రార్థనలో కళ్ళు మూసుకుని కూడా నేను అంచుల గురించే ఆలోచించేదాన్ని.

శనివారం చర్చిలో ఇద్దరికి పని. ఒకరు నేను. అప్పటికి పద్దెనిమిదేళ్ళు, చర్చి సంఘ పెద్ద కూతుర్ని. చిన్న గ్లాసులు కడిగి, బల్ల మీద తెల్లగుడ్డ పరచడం నా వంతు. రెండోది రూతమ్మ పెద్దమ్మ. మొగుడు లేడు, పిల్లల్లేరు. చుట్టరికంతో పని లేకుండా ఊరంతా ఆమెను పెద్దమ్మనేది. చర్చి ఊడ్చి, పేడతో అలకడం ఆమె వంతు. బ్రెడ్డు ఉంచే రేకుపెట్టెకు తాళం ఉండేది కాదు. మా ఊళ్ళో తాళాల అవసరం ఎవరికీ రాలేదు.

ఆ శనివారం వాన. పెద్దమ్మ అలికేసి వెళ్ళిపోయింది. నేనొక్కదాన్నే ఉన్నాను. పెట్టె తెరిచి, మైనం కాగితం మడత విప్పాను. మొట్టమొదటి ముక్క ఒక వైపంతా అంచే. ఒక్కటి తీస్తే ఎవరికి తెలుస్తుంది? తిన్నాను. ఆకలి కాదు, ఇంట్లో అంబలి తాగే వచ్చాను. ఎలా ఉంటుందో చూద్దామని, అంతే. తర్వాత రెండోది. అది మొదటిదానిలాగే ఉంటుందా, వేరేగా ఉంటుందా అని. మూడోది ఎందుకు తిన్నానో ఇన్నేళ్ళు ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. నాలుగు ముక్కలు మిగిలినప్పుడు భయం పట్టుకుంది. సగం ఖాళీ అయిన ప్యాకెట్టుకు సంజాయిషీ చెప్పడం కన్నా అసలు ప్యాకెట్టే లేకపోతే సులువనిపించింది. ఆ నాలుగూ తినేసి, కాగితాన్ని చర్చి వెనక చెత్తగుంటలో పారేశాను.

రూతమ్మ పెద్దమ్మ మంచి కాగితం కనిపిస్తే వదిలే మనిషి కాదని నాకు తెలుసు. ఆ క్షణాన గుర్తుకు రాలేదు. లేదా గుర్తొచ్చినా నేనే పక్కకు నెట్టేశానా? ఇక్కడే నా మీద నాకు నమ్మకం కుదరదు.

ఆదివారం పెట్టె ఖాళీగా కనబడింది. పాస్టరు అయ్యగారు వెతికారు, అమ్మగారు వెతికింది. జనం పాట ఆపేసి చూస్తున్నారు. పెద్దమ్మ మోకాళ్ళ మీద వంగినప్పుడు ఆమె నడుం దగ్గర్నుంచి పొగచుట్టలు జారి పడ్డాయి. అవి ఆ మైనం కాగితంలో చుట్టి ఉన్నాయి. కాగితం చెత్తగుంటలో దొరికిందని చెప్పింది. ఎవరూ నమ్మలేదు. మా నాన్న లేచి మళ్ళీ అడిగాడు. ఆమె మళ్ళీ అదే చెప్పింది. ఆర్నెల్లు బల్లలో చెయ్యి పెట్టకూడదని, అంటే రొట్టె, రసం తీసుకోకూడదని మా నాన్నే అన్నాడు.

నేను మూడడుగుల దూరంలో గ్లాసుల పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నాను. టీచరు ట్రైనింగుకి నాకు సిఫారసు ఉత్తరం రాస్తానని అయ్యగారు ఆ వారమే మాటిచ్చారు. నా మౌనానికి కారణం ఆ ఉత్తరమేనని చెప్పుకోవచ్చు. కానీ నోరు తెరిస్తే బ్రెడ్డు వాసన వస్తుందేమోనని కూడా భయపడ్డాను. ముందు రోజు తిన్నది! నవ్వొస్తుంది, అయినా నిజం. ఆ రోజు మా ఇంటి నుంచి సోడి రొట్టె తెప్పించి బల్లకు విరిచారు. నేనూ తీసుకున్నాను. గొంతుకు అడ్డం పడుతుందనుకున్నాను, పడలేదు. మామూలుగానే దిగింది.

ఆర్నెల్లు గడిచాయి. పెద్దమ్మ బల్లకు తిరిగి రాలేదు. శనివారాలు ఊడ్చేది, అలికేది. ఆదివారాలు గుమ్మం పక్కన కూర్చునేది. పళ్ళెం దగ్గరికొస్తే చేతులు కొంగులో పెట్టుకునేది. ఎవరు పిలిచినా అంతే.

నేను ఆ ఉత్తరంతోనే టీచర్నయ్యాను. ఈలోగా సంతలోకి బ్రెడ్డు వచ్చేసింది, ప్లాస్టిక్ కవర్లలో. తర్వాత ఎర్రముక్కలు, పచ్చముక్కలు పొదిగిన చిన్న కేకులు, క్రీం బన్నులు. ఇప్పుడు నా బళ్ళో పిల్లలు బ్రెడ్డు అంచులు తుంచి పారేస్తారు. అరకు దారిలో టూరిస్టులేమో సోడి బిస్కెట్ల కోసం బళ్ళు ఆపుతారు. ఎవరి నోరు ఎటు తిరుగుతుందో! నేను కనబడ్డ రకమల్లా కొని ముందు అంచే తిని చూశాను. అన్నీ తీపి. నమలకుండానే కరిగిపోతాయి. మారింది బ్రెడ్డా, నా నాలుకా? దొంగతిండికి రుచెక్కువని సరిపెట్టుకోవాలని చూశాను. ఆ జవాబు నాకు నచ్చలేదు. అన్ని నెలలు కళ్ళు మూసుకుని ఊహించిన దాన్ని ఒక్కసారి నోట్లో పెట్టుకోవడం, అది మళ్ళీ ఎలా వస్తుంది?

ఊరికి వెళ్ళినప్పుడల్లా పెద్దమ్మకు ఏదో ఒకటి పట్టుకెళ్ళేదాన్ని. బ్రెడ్డు ఇస్తే ముట్టుకోలేదు. కేకు మాత్రం తీసుకుంది, ఇది రొట్టె కాదు గదా అని. మెల్లగా తినేది. చేతికంటిన నూనె జుట్టుకు రాసుకునేది. తిన్నాక కవరు నున్నగా మడిచి నా చేతిలో పెట్టేది. "ఇది నువ్వే అట్టుకెల్లిపో గుంటా" అనేది. ప్రతిసారీ. ఎందుకని నేను అడగలేదు.

కిందటి ఎండాకాలం కూడా కేకు తింది, కవరు ఇచ్చింది. ఇచ్చాక నా వైపు చూసింది.

"ఒలే, ఆ రొట్టి అంచు ఎలాగుంటాదే?"

కోపం లేదు. దెప్పిపొడుపూ లేదు. ఎప్పుడూ వెళ్ళని ఊరి గురించి అడుగుతున్నట్టు అడిగింది. పద్దెనిమిదేళ్ళప్పుడు పెట్టె ముందు నా ముఖం కూడా అలాగే ఉండి ఉంటుంది.

"నాకేటి తెల్సు పెద్దమ్మా" అన్నాను.

"అవున్లే. నీకెలాగ తెలుస్తాది" అంది, చుట్ట వెలిగించుకుంటూ.

ఆమెకు తెలుసు. ఎప్పటినుంచి తెలుసు? నేను కాగితం పారేస్తుంటే వాన చాటునుంచి చూసిందా? చూస్తే ఆ రోజు నా పేరు ఎందుకు చెప్పలేదు? లేక, తర్వాత నేను తెచ్చిన కేకులే నన్ను పట్టించాయా? అడిగే వీలు ఇక లేదు. పోయిన వానాకాలం ఆమె పోయింది. బల్లలో చెయ్యి పెట్టకుండానే పోయింది. ఆమె దొంగ కాదని ఊరికి ఎవరూ చెప్పలేదు. మా నాన్న ఇంకా సంఘ పెద్దే. ఆయన ముందు నోరు తెరుస్తానో లేదో నాకు తెలియదు. మిమ్మల్ని క్షమించమని అడగను, అది మీ చేతిలో ఉన్నది కాదు. రాశాక మాత్రం ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. అలా ఆడవచ్చో లేదో కూడా తెలియదు.

ఆమె అడిగినదానికి జవాబు ఒక్కటే నా దగ్గర మిగిలింది.

అంచు గట్టిగుంటాది పెద్దమ్మా. ముందు సేదు తగుల్తాది. మన సోడి రొట్టి పెనానికి అంటుకున్నకాడ ఉంటాది సూడు, అలాగ. సానా సేపు నమిల్తేగాని తీపి రాదు. లోపలి తెల్లదాని కంటే బాగుంటాది. అన్ని ముక్కలూ నానే తిన్నాను.