సాంబారులో లేని కారం

మా బడి వంట పెద్దమ్మ పోయిందని గురువారం పొద్దున ఊరి నుంచి ఫోన్ వచ్చింది. ఒంగోలులో బస్సెక్కి, అద్దంకి దాటి మా ఊరు చేరేసరికే ఆమెను తీసుకెళ్లిపోయారు. కడసారి చూపు దక్కలేదని ఏడ్చాను. కానీ తిరుగు బస్సులో ఆమెను తలుచుకుంటుంటే నవ్వొచ్చింది. నేను గెలిచిన మొదటి పోరు ఆమె కోసమే మరి.

మధ్యాహ్న భోజనం మా ఏడో తరగతిదాకా వచ్చిన కొత్తల్లో ఆమె వంటకు కుదిరింది. బడిలో ఉన్నంతసేపూ ఆమె కూర్చోగా ఎవరమూ చూడలేదు. రంజాన్ నెలలో ఉపవాసంతోనే పొయ్యి దగ్గర నిలబడి, రుచి చూడటానికి నన్ను పిలిచేది. "నాలిక నీది, మాట పడేది నేను. సరిగ్గా చూసి చెప్పవే," అనేది. అలా ఆమె సాంబారులో ఉప్పూ కారం సంగతి మా హెడ్మాస్టారి కంటే నాకే బాగా తెలుసు.

మిరప కోతలు మొదలయ్యాక పిల్లలు అన్నం పారేయడం మొదలైంది. సోమవారాలైతే పంపు దగ్గరి ఎంగిలి బకెట్ నిండి పొర్లేది. వంటామె కారం ఎక్కువేస్తోందని బడి కమిటీ ఛైర్మన్ గారు తేల్చేశారు. మిరపకాయ పండించే ఊళ్లో ఇదేం నిందో! పాపం, ఆమె కారం తగ్గించింది. మళ్లీ తగ్గించింది. సాంబారు చప్పబడింది గానీ బకెట్ నిండటం మానలేదు. వచ్చే సోమవారం మీటింగు పెట్టి ఆమెను మాన్పిస్తామన్నారు. ఆమె ఇల్లు గడిచేది ఆ పనితోనే.

హెడ్మాస్టారు మా తరగతికొచ్చి, "పారేసేది మీరు. ఎందుకో, ఏం చేస్తే ఆగుతుందో మీరే కమిటీకి చెప్పండి," అన్నారు. నలుగురు ఆడపిల్లలం బకెట్ దగ్గర నిలబడి, పారేసిన ప్రతి ఒక్కరినీ అడిగాం. సిగ్గు విడిచి చెబుతున్నాను, పారేసినవాళ్లలో నేనూ ఉన్నాను.

మీటింగులో మేం రాసుకొచ్చిన డ్రాయింగు షీటు పట్టుకుని నేనే లేచాను. గుమ్మం దగ్గర పెద్దమ్మ చేతిలో గరిటెతో తల దించుకుని నిలబడి ఉంది.

"కారం సాంబారులో లేదండి," అన్నాను.

"మరెక్కడుందే?" అన్నారు ఛైర్మన్ గారు.

"మా చేతుల్లో ఉందండి. ఆదివారం అమ్మావాళ్లతో కోతకెళ్తాం. తెల్లారి వేడన్నం కలిపితే చేతులు భగ్గుమంటాయి. కలపలేక పారేస్తున్నాం."

వెనక కూర్చున్న పిల్లలు అడక్కుండానే అరచేతులు ఎత్తారు. ఎర్రగా ఉన్నాయి.

"ఎవరి చేలోకెళ్లార్రా?" అన్నారు ఛైర్మన్ గారే.

"మీ చేలోకేనండి."

హెడ్మాస్టారికి దగ్గొచ్చింది. నేను ఆగకుండా మా ప్లాను చదివేశాను: సోమవారం అన్నం గుడ్డ మీద ఆరబోసి చల్లార్చాలి. ముందుగా మజ్జిగన్నం పెట్టాలి. మొదట అర గరిటె, కావాలన్నవాళ్లకు మారు. చివరగా, సాంబారులో కారం మళ్లీ మామూలుగా వేయాలి.

ఛైర్మన్ గారు చాలాసేపు తల గోక్కున్నారు. "మజ్జిగ మా ఇంటి నుంచి పంపుతా. ఆమె ఇక్కడే ఉంటుంది," అని లేచారు. ఆ రోజు మేం వేసిన కేకలు బజారుదాకా వినిపించాయట.

ఆ పై సోమవారం ఆమె వరుసలో ప్రతి ఒక్కరి ముందూ వంగి, "మొహమాటపడి వద్దనొద్దు, గొప్పకు పోయి పెట్టించుకోవద్దు," అంటూ అడిగి అడిగి మారు వడ్డించింది. అందరూ లేచాక బకెట్‌లోకి తొంగిచూసింది. నాలుగు కరివేపాకు రెబ్బలున్నాయి, అంతే. వాటిని దులిపేసి, పంపు కింద కడిగి, బకెట్‌ను బోర్లించి, దాని మీద కూర్చుంది. కాళ్లు చాపుకుని, పళ్లెం ఒళ్లో పెట్టుకుని, సాంబారన్నం ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది.

"కారం సరిపోయిందా పెద్దమ్మా?" అని అడిగాను.

నమలడం ఆపకుండానే, ఇంకొంచెం పోయమని పళ్లెం నా ముందుకు చాపింది.