మిరపకాయల పక్కన పెరుగన్నం

ఒక్క డబ్బా పెరుగన్నంతో ఆసుపత్రి వార్డు మొత్తాన్ని తుమ్మించిన మొనగాడు పల్నాడులో ఇంతవరకూ ఒక్కడే పుట్టాడు. ఆ ఘనుణ్ణి నేనే. కూర్చోండి, నా పరువు నేనే తీసుకుంటాను, మీకు శ్రమ లేకుండా.

పదేళ్ల కిందట నేను నరసరావుపేట దగ్గర మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో మిషన్ ఆపరేటర్ని. మా ఆవిడ రమ ఆసుపత్రిలో నర్సు. ఇద్దరివీ షిఫ్టులే. నేను చెప్పులు విప్పుతుంటే ఆమె తొడుక్కునేది; మా కాపురమంతా గడప మీదే జరిగేది. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు. మా ఇంట్లో ఆ ఆకలీ నిద్రా ఒకదాని మొహం ఒకటి ఎరగవు. దొరికితే బజ్జీలు, దొరక్కపోతే టీ.

చివరికి రమకి కడుపులో మంట పట్టుకుంది. "నలభై రోజులు వేళకి తినాలి, కారం ముట్టకూడదు" అన్నాడు డాక్టరు. డాక్టరు వరమిచ్చినా డ్యూటీ చార్టు ఇవ్వదు కదా.

"నేనున్నాగా. ఆదివారం ఒక్కరోజే వారానికి సరిపడా వండి పడేస్తా" అన్నాను.

"మన ఫ్రిజ్జులో పాలగిన్నె పెడితే పెరుగు గిన్నె బయటికి దూకుద్ది. ఏడ పెడతావయ్యా?"

"పల్నాడు మొత్తానికీ పెద్ద ఫ్రిజ్జు నా చేతికింద ఉందే."

రమ నన్ను ఎగాదిగా చూసింది. "సరే. ఇది చెడిందనుకో, నాతోపాటు నువ్వు కూడా నలభై రోజులు చప్పిడి తినాల."

అయ్యా, గొంతు నొప్పికి పచ్చిమిరపకాయ చప్పరించిన తాతకి మనవణ్ణి నేను. కారం లేని ముద్ద మా వంశంలో పసిపిల్లలు కూడా ఉమ్మేస్తారు. అలాంటివాణ్ణి, రెండ్రోజులుగా నిద్రలేని కళ్లతో "ఓస్, అంతేనా" అనేశాను.

ఆదివారం సొరకాయ పప్పు, బీరకాయ కూర, పెరుగన్నం వండాను. డబ్బాలు ఏడు దొరికాయి, మూతలు రెండే. మూతలన్నీ దొరికే ఇల్లు మీకేమైనా తెలుసా? అన్నిటినీ స్టోరేజీకి మోసుకుపోయి, మిరపకాయల బస్తాల మధ్య పేర్చి, మూతల్లేని వాటి మీద ఖాళీ మిరపకాయల గోతం కప్పాను.

మా కంప్రెసర్ మెకానిక్ సుభానీ వచ్చి చూశాడు. "ఏందన్నా ఇయ్యి?"

"మా వారం తిండి."

"ఈడనా? ఈ ఘాటుకి మనమే మొహానికి గుడ్డ కట్టుకుంటున్నాం."

"చల్లదనానికి ఘాటు నిద్రపోద్దిరా."

"నిద్రపోవాల్సింది నువ్వన్నా. ఆ గోతం దులిపే కప్పావా?"

"ఆఁ, గోతానికి స్నానం కూడా చేయిస్తారేంది" అన్నాను.

సోమవారం పొద్దున్నే డ్యూటీ దిగుతూ నిద్రకళ్లతోనే పెరుగన్నం టిఫిన్ బాక్సులోకి మార్చి, ఇంటికి తెచ్చి రమ చేతిలో పెట్టి, యుద్ధం గెలిచినవాడిలా పడుకున్నాను. మధ్యాహ్నం ఫోను.

"ఏమయ్యో, పెరుగన్నంలో ఏం కలిపావు?"

"ఉప్పు."

"మరి నా కళ్లెమ్మట నీళ్లేంది?"

వెనక నుంచి తుమ్ములు, ఒకటి కాదు, పెళ్లిలో టపాకాయల్లా వరసగా. వాటి మధ్య హెడ్ నర్సు ఫాతిమా గొంతు: "మూతెయ్యమ్మా రమా, ఆ పెద్దాయన ఇంకో తుమ్ము తుమ్మితే కుట్లు ఊడతయ్. కిటికీలు తెరవండే."

"తిన్నావా?" అన్నాను భయంభయంగా.

"రెండు ముద్దలు. కడుపులో మిరపచేను తగలబడతా ఉంది. ఫాతిమా అక్క మజ్జిగ పోసింది గాబట్టి మాట్లాడతన్నా." ఇంకో గుక్క మజ్జిగ తాగిన చప్పుడు. "ఈ పూట నుంచే మొదలు."

"ఏంది?"

"నీ నలభై రోజులు."

ఆ రోజులు నేనెలా గడిపానో సుభానీనడగండి. ఎర్రటి బస్తాల మధ్య కూర్చుని సొరకాయ పప్పు తినడమంటే, కృష్ణలో నడుందాకా దిగి దాహంతో చావడమే. వాడు నా మీద జాలితో ఆవకాయ డబ్బా తెరిచి గోడవైపు తిరిగి తినేవాడు.

కానీ ఒక చిత్రం జరిగింది. ఇద్దరిదీ ఒకే చప్పిడి గనక ఒకే కుక్కరు చాలింది. ముందొచ్చినవాళ్లు పొయ్యి మీద పెట్టేవాళ్లు, వెనకొచ్చినవాళ్లు వేడిగా తినేవాళ్లు. రమ కడుపులో మంట చల్లారింది. నాకైతే పడుకుంటే చాలు నిద్రొచ్చేది.

నలభై ఒకటో రోజు వేడన్నం, నెయ్యి, పండుమిరపకాయ పచ్చడి. కళ్లకద్దుకుని మొదటి ముద్ద పెట్టుకున్నాను. అంతే. ఎక్కిళ్లు, కన్నీళ్లు, చెవుల్లోంచి ఆవిర్లు. మిరపకాయల్లో ఉద్యోగం చేసే పల్నాడోణ్ణి ఒక్క ముద్దకే కూలబడ్డాను.

రమ పెరుగు గిన్నె నా వైపు నెట్టింది. "ఏడవమాక. రాత్రికి సొరకాయ వండుతాలే."

ఆ రాత్రే సొరకాయ మీద చెయ్యేసి ప్రమాణం చేశాను: ఇంటి తిండి గోడౌనుకి పంపను, దులపని గోతం దేని మీదా కప్పను, నిద్ర చాలని కళ్లతో పెళ్లాంతో పందెం కాయను. కారం తినలేకపోతున్న సంగతి మాత్రం మీలోనే ఉంచుకోండి. మా నాదెండ్లలో తెలిస్తే నన్ను ఊళ్లోకి రానివ్వరు.