తపసుమాను దగ్గర రికార్డింగు

తొంభైల నడిమిలో నన్ను తిరుపతిలో ఒక రేడియో కేంద్రానికి ట్రాన్స్‌మిషన్ ఎగ్జిక్యూటివ్‌గా వేశారు. వినడానికి పెద్ద పదవిలా ఉంటుంది గానీ, కార్యక్రమాల విభాగంలో అది కింది మెట్టు. మా పైన ప్రోగ్రాం ఎగ్జిక్యూటివ్, ఆ పైన డైరెక్టర్. డ్యూటీ రూములో కూర్చుని ఏ టేపు తర్వాత ఏ టేపు వెళ్లాలో చూసుకోవడం, ప్రకటన ఆలస్యమైతే చీవాట్లు తినడం మా పని. అందుకే ఎప్పుడైనా ఓబీకి పంపితే మాకు పండగే. ఓబీ అంటే స్టూడియో గోడలు దాటి జనం మధ్యకి వెళ్లి శబ్దం పట్టుకు రావడం.

ఆ ఏడు ఎండాకాలంలో డైరెక్టరుగారు నన్ను పిలిచారు. పుత్తూరు దగ్గర ఒక పల్లెలో ధర్మరాజుల గుడి ముందు భారతం జరుగుతోందనీ, అర్జున తపస్సు నాడు వెళ్లి పద్యాలు రికార్డు చేసుకు రమ్మనీ చెప్పారు. అరగంట కార్యక్రమం. శుద్ధమైన జానపదం కావాలి, సినిమా వరసలు దూరితే కత్తిరించు అన్నది ఆయన ఆదేశం. నాకూ ఆ వయసులో అవే అభిప్రాయాలు. సినిమా పాట వచ్చి నాటకాన్ని మింగేసిందని కనబడిన ప్రతివాళ్లకూ ఉపన్యాసం ఇచ్చేదాన్ని. ఆ రోజు జీపులో దారి పొడవునా నేను కూనిరాగం తీసినవన్నీ సినిమా పాటలే. డ్రైవరు వెనక్కి తిరక్కుండానే, “మేడం, కత్తెర ముందు మీ నోటికే పెట్టుకోవాల” అన్నాడు. కోపం రాలేదు. నిజమే కదా!

చిత్తూరు సీమలో భారతం జరిగే రోజుల్లో మధ్యాహ్నం హరికథ చెబుతారు, రాత్రి వీధినాటకం ఆడతారు. అర్జున తపస్సు మాత్రం పగలే. గుడి ముందు బయల్లో పొడవాటి మాను పాతి, దానికి మెట్లు కొడతారు. అదే తపసుమాను. అర్జున వేషగాడు ఒక్కో మెట్టుకు ఒక్కో పద్యం పాడుకుంటూ పైకెక్కి, శివుణ్ణి పూజించి, అక్కడి నుంచి నిమ్మకాయలు, పూలు, విభూతి విసురుతాడు. పిల్లలు కావాలని మొక్కుకున్న ఆడవాళ్లు తడిబట్టలతో మాను చుట్టూ బోర్లా పడుకుని ఉంటారు. పైనుంచి ఆ ప్రసాదం పడేదాకా వాళ్లు లేవరు. కింద మన్ను పెనంలా కాలుతుంటుంది.

ఆ ఊరి అర్జునుడు చెంగల్రాయుడు. యాభై దాటిన మనిషి. మాట్లాడితే బొంగురు, పద్యం ఎత్తుకుంటే కంచు. చుట్టుపక్కల ఊళ్లలో ఆయన పేరు తెలియని వాళ్లు లేరు. నేను వెళ్లేసరికి బడి వరండాలో ముఖానికి అర్దళం అనే పచ్చరంగు పూసుకుని, మీసం దిద్దుకుని కూర్చుని ఉన్నాడు. ఎడమ చేతికి కంకణం, కుడి చేతికి పుత్తూరు కట్టు. ఉత్సవం మొదలయ్యే ముందు సైకిలు మీంచి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడట. ఈ రోజుకు కట్టు విప్పేస్తారని ఆశపడ్డాడు, విప్పలేదు. పొద్దున్నే వెళ్లి మాను మెట్టు పట్టుకు చూశాడు, చెయ్యి బిగియలేదు.

ధర్మకర్త నాయుడుగారు వచ్చి, “నువ్వు ఎక్కితే నేనొప్పుకోనప్పా. పైనుంచి పడితే యెవురు జవాబు చెప్పాల?” అని తేల్చేశారు. ఇంకెవరినైనా ఎక్కిద్దామంటే, ఉత్సవం తొలినాడు కంకణం కట్టుకున్నవాళ్లే ఎక్కాలి. అలా కంకణం కట్టుకున్న నాటక మేళంలో మాను ఎక్కగల ఒళ్లు ఒక్కడిదే. వాడు మునిరత్నం, ద్రౌపది వేషగాడు. సన్నగా వెదురులా ఉండేవాడు. తాటిముంజలు కోసే అలవాటుంది గనక ఎక్కడం వాడికి లెక్కే కాదు. పద్యాలూ విని విని నోటికొచ్చినవే. చిక్కల్లా గొంతుతోనే. ఏళ్ల తరబడి ఆడగొంతుతో పాడి పాడి, పద్యం ఎత్తుకుంటే వాడికి ద్రౌపది గొంతు తప్ప వేరే గొంతు రాదు. మామూలుగా కూడా నోట్లో నాలుక లేని మనిషి.

దీనికి నాయుడుగారే కర్ర విరగకుండా పాము చచ్చే ఉపాయం చెప్పారు. ఎక్కేది రత్నం, పాడేది చెంగల్రాయుడు. “సినిమాలో పాడేదొకరు, ఆడేదొకరు. చూసి సప్పట్లు కొట్టడం లేదా మనం?” అన్నారు. కింద మైకు ముందు నిలబడి చెంగల్రాయుడు పాడతాడు, పైన రత్నం పెదవులు కదుపుతాడు. శుద్ధమైన జానపదం కోసం వెళ్లిన నాకు ప్లేబ్యాకు ఎదురైంది. నవ్వు ఆపుకోవడం కష్టమైంది.

చెంగల్రాయుడికి మాత్రం అది నవ్వులాట కాదు. నేను కేబుళ్లు విప్పుకుంటుంటే పక్కన కూర్చుని చెప్పాడు. ఆ ఊళ్లో తపసుమాను దగ్గర పద్యం ఎవరు పాడితే అర్జున వేషం వాళ్లది. మరుసటేడు అర్జునుడి కంకణం వాళ్లనే వెతుక్కుంటూ వస్తుంది. “ఈ మాను మీద మా నాయన పాడినాడు. ఆయన పొయినాక నేను పాడతా ఉండాను. ఎక్కినోడిది కాదమ్మా వేషం, పాడినోడిది. ఈ యేడు పాట పొయిందంటే నాకింక వేషం లేదు” అన్నాడు. తర్వాత తన తలమీది కిరీటం తీసి రత్నం తలకు తనే కట్టాడు. ముఖానికున్న రంగు మాత్రం కడుక్కోలేదు.

అలా ఆ రోజు ఇద్దరు అర్జునులు తయారయ్యారు. నేను ఊరి మైకు పక్కనే, చెంగల్రాయుడి నోటికి జానెడు దూరంలో మా మైకు పెట్టుకున్నాను. మా రికార్డరు భుజానికి తగిలించుకునేది, బ్యాటరీలతో నడిచేది. స్పూలు తిరగడం మొదలైంది. మద్దెల, హార్మోనియం అందుకున్నాయి. తొలి పద్యం ఎత్తుకోగానే లౌడుస్పీకర్లలోంచి ఆయన గొంతు బయలంతా నిండింది. పైన రత్నం ఒక చేత్తో మెట్టు పట్టుకుని, ఇంకో చెయ్యి చాపి, తల ఊపుతూ నోరు కదిపాడు. చూస్తుంటే అతనే పాడుతున్నట్టుంది. నేను నిజంగానే పరవశించిపోయాను.

రత్నం మాను నడిమికి చేరేసరికి కరెంటు పోయింది. గోరుచుట్టు మీద రోకలిపోటు అంటే అదే. మైకుసెట్టు బ్యాటరీ ముందురోజు రాత్రి నాటకానికే అయిపోయిందని అప్పుడు బయటపడింది. పద్యం ఆగిపోయినా, కంగారులో రత్నం ఇంకా నోరు కదుపుతూనే ఉన్నాడు. కుర్రకారు పగలబడి నవ్వారు. చెంగల్రాయుడు మైకు లేకుండానే గొంతు చించుకుని పాడి చూశాడు. ఆ జనంలో, ఆ గాలిలో, ముందు వరసకు తప్ప ఎవరికీ వినబడలేదు. పైనున్నవాడికి ఒక్క ముక్కా తెలియలేదు. ఏ అక్షరానికి నోరు తెరవాలో తెలియక మెట్టు కరుచుకుని ఉండిపోయాడు.

మధ్యలో దిగిరావడం అరిష్టం. కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పేవాడు లేడు. మాను కింద ఆడవాళ్లు తడి ఆరిపోయిన చీరల్లో అలాగే పడి ఉన్నారు. వాళ్ల మీద బిందెలతో నీళ్లు పోస్తున్నారు. నాయుడుగారు సద్దు చేయొద్దని జనానికి సైగ చేసి, చెంగల్రాయుడి వైపు చూశారు. వేషం ఆయనది. దాన్ని వదులుకోమని ఆయనకు చెప్పే హక్కు ఊళ్లో ఎవరికీ లేదు. ఇప్పుడు రత్నాన్ని పాడమంటాడా, ఆగమంటాడా?

చెంగల్రాయుడు మాను కింద పడుకున్న ఆడవాళ్ల వైపు చూశాడు. తర్వాత కట్టు కట్టిన చెయ్యి పైకెత్తి, ఉన్న ఊపిరంతా పెట్టి అరిచాడు.

“రత్నం! నువ్వే ఎత్తుకో! నీ గొంతుతోనే!”

రత్నం వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

“పాడ్రా! లేకుంటే దిగినాక తంతాను!”

రత్నం పాడాడు. అచ్చం ద్రౌపది గొంతు. అర్జునుడి పద్యాన్ని భయంలో ద్రౌపది విలాపం వరసలో ఎత్తుకున్నాడు. ఆ వరస ఎప్పుడో ఒక పాత సినిమా పాట నుంచి మేళంలోకి వచ్చిందేనట. మళ్లీ ఈలలు లేచాయి. అప్పుడు మాను కింద పడుకున్నవాళ్లలో ఒకామె తల ఎత్తి, “నోరు మూసుకోండ్రా! మేమీడ కాలిపోతా ఉంటే మీకు నవ్వులాటగా ఉండాదా?” అని గద్దించింది. ఇక ఎవరూ నోరెత్తలేదు. మద్దెలవాడు ఆ గొంతుకు తగ్గట్టు వాయింపు తగ్గించాడు. ఒక్కో మెట్టూ, ఒక్కో పద్యం. చివరిదాకా అది ఆడగొంతుగానే ఉంది గానీ, మూడో పద్యానికి వణుకు పోయింది. పైకి చేరి, పూజ చేసి, గూడూరు నుంచి తెప్పించిన నిమ్మకాయలు విసిరాడు. ఆడవాళ్లు వాటిని కొంగున కట్టుకుని లేచారు. నేను ఏడ్చానని చెప్పడానికి ఇప్పుడు సిగ్గుపడను.

తిరుపతికి వచ్చి టేపు విన్నాక ఇంకో సంగతి తెలిసింది. రత్నం పాడుతున్నంతసేపూ చెంగల్రాయుడు మా మైకు ముందు నుంచి కదల్లేదు. పైకి వినబడదని తెలిసినా, ప్రతి పద్యాన్నీ రత్నం కంటే ఒక మాట ముందు, చిన్న గొంతుతో అందిస్తూనే ఉన్నాడు. కళ్లూ చెవులూ పైనే ఉండి నేను గమనించలేదు. టేపులో మాత్రం ఆయన గొంతు నిండుగా దగ్గరగా ఉంది. రత్నం గొంతు ఎక్కడో పైనుంచి దారప్పోగులా వినబడుతోంది. అప్పట్లో ఎడిటింగ్ అంటే టేపును బ్లేడుతో కోసి అతికించడమే. ఆ చోట బ్లేడు పెట్టబుద్ధి కాలేదు. డైరెక్టరుగారు విని, “ఇది సినిమా వరసే కదా?” అన్నారు. అవునండీ అన్నాను. అయినా ఉంచమన్నారు. ప్రకటనలో మాత్రం అర్జునుడిగా చెంగల్రాయుడి పేరు చెప్పమన్నారు. వినబడే గొంతు ఆయనదే, పేరున్నవాడూ ఆయనే అన్నది డైరెక్టరుగారి వాదన. వృత్తిరీత్యా అందులో తప్పు లేదు.

కానీ ఆ రోజుల్లో పల్లెల్లో రేడియో మాటంటే శాసనం. మేము చెంగల్రాయుడని ప్రకటిస్తే, పాడింది ఆయనేనని ఊరు ఒప్పుకుంటుంది, వేషం ఆయనకే మిగులుతుంది. రత్నమని ప్రకటిస్తే ఆ రోజుతో సరి. ఇంత పెద్ద తీర్పు నా చేతిలో ఉండటం నాకు నచ్చలేదు. డైరెక్టరుగారి అనుమతి తీసుకుని, ప్రసారానికి ముందు ఒకసారి వచ్చి వినిపొమ్మని చెంగల్రాయుడికి కబురు పెట్టాను.

ఆయన బస్సులో ఒక్కడే వచ్చాడు. కట్టు విప్పేశారు, చెయ్యి ఇంకా సన్నబడే ఉంది. హెడ్‌ఫోన్లు పెట్టి టేపు వేశాను. తన గొంతు తాను వినడం ఆయనకదే మొదటిసారి. “నా గొంతు ఇంత బాగుంటాదా!” అని పసిపిల్లాడిలా మురిసిపోయాడు. అంతా అయ్యాక సంగతి చెప్పి, ఎవరి పేరు చదవమంటారని అడిగాను. కరెంటు పోయిన దగ్గర్నించి మళ్లీ వెయ్యమన్నాడు. ఈసారి కళ్లు మూసుకుని విన్నాడు.

“రత్నం పేరు సదవండమ్మా,” అన్నాడు హెడ్‌ఫోన్లు తీసి. “నేను కింద నిలబడి అందించినోణ్ణి. అర్జునుడు పైనుండాడు.”

డైరెక్టరుగారిని ఒప్పించి అలాగే చదివాను. మరుసటేడు అర్జునుడి కంకణం రత్నం ఇంటికి వెళ్లింది. ఆ ఊరి నుంచి స్టూడియోకు వచ్చే కళాకారులు చెప్పేవారు, చెంగల్రాయుడు బతికున్నన్నాళ్లూ తపస్సు నాడు మాను మొదట్లో నిలబడి అందించేవాడని. రెండేళ్ల కిందట నేను రిటైరయ్యాను. ఇప్పుడు తపస్సు వీడియోలు ఫోన్లోనే వస్తున్నాయి, చాలా వాటికి కింద పేరే ఉండదు.

ఆ ఉద్యోగంలో ఆ రోజు నేర్చుకున్నది ఒక్కటే. గొంతు ఎవరిదో టేపు చెబుతుంది. వేషం ఎవరిదో టేపు చెప్పలేదు, దాన్ని వదులుకున్నవాణ్ణి అడగాలి. ఆ తర్వాత సర్వీసులో ఉన్నన్నాళ్లూ కళాకారుల్ని అడగకుండా ఏ ప్రకటనా రాయలేదు.