వెండికోటు దీదీ, నా గుసగుస పాట

ఆ రోజుల్లో హిందీ మాట్లాడే ఊళ్ళో ఉన్న మా బారిడీహ్ క్వార్టర్లలో పిల్లలకు మొదట నేర్పేది అఆలు కాదు, గుసగుస. ఉక్కు కార్ఖానాలో మూడు షిఫ్టులు కదా, నాన్నకు సీ షిఫ్టు పడిన వారమంతా రాత్రి డ్యూటీ చేసి, పొద్దున్న ఆరున్నరకి సైకిలు మీద ఇంటికొచ్చి, చద్దన్నం తిని మధ్యాహ్నం రెండింటి దాకా పడుకునేవాడు. ఆ వారం మా ఇంటిల్లిపాదీ మూగనోము పట్టేవాళ్ళం. అమ్మ కుక్కరు ముందు గరిటె పట్టుకుని కాపలా కూర్చుని, కూత వచ్చే ముందు సరిగ్గా వెయిటు ఎత్తేసి ఆవిరి పోనిచ్చేది. (అందుకే ఆ వారం పప్పు పంటికింద పలికేది.) కాకిని తోలాలన్నా చేతులు ఊపడమే తప్ప నోరు విప్పకూడదు. తమ్ముడు క్యారమ్స్ బిళ్ళల్ని కొట్టకుండా వేలితో నెమ్మదిగా తోసుకుంటూ తనతో తనే ఆడి, తనే గెలిచేవాడు.

అలాంటి ఇంట్లో పుట్టిన నేను పదిహేనేళ్ళ వయసులో, దేశాన్నంతా ఊపేస్తున్న ఒక పాప్ గాయని మీద పిచ్చి ప్రేమలో పడ్డాను. వెండిలా మెరిసే కోటు వేసుకుని పాడేది కాబట్టి మా బస్తీ పిల్లలందరికీ ఆవిడ వెండికోటు దీదీ. ఆవిడ జీవితచరిత్ర రాయడానికి నేను లెక్కల నోటుబుక్కు ఒకటి వెనక నుంచి మొదలుపెట్టాను. రైల్వే గార్డు కూతురట. పట్టాల పక్కనే ఇల్లు కావడంతో చిన్నప్పుడు గూడ్సుబండి చప్పుడును మించి పాడీ పాడీ ఆ గొంతు తెచ్చుకుందట. మొదట పెళ్ళి బ్యాండులో పాడి, తరవాత కలకత్తా హోటళ్ళలో పాడి, ఆ తరవాత రికార్డులిచ్చిందట. పత్రికల్లో కనిపించిన ప్రతి ముక్కా కత్తిరించి అన్నం మెతుకుతో అతికించేదాన్ని. ఈ కథను ఓపిగ్గా వినేది ఒక్క నాన్నే. నేను గదిలో తిరుగుతూ చెబుతుంటే మాత్రం ఒప్పుకునేవాడు కాదు. "ఎదర కూకుని సెప్పే గుంటా. మొకం సూత్తే గానీ నాకు కత రుసి రాదు" అనేవాడు.

ఇంట్లో అద్దమంటూ ఉన్నది ఒక్కటే, ఇనప బీరువా తలుపుకి. ఆ బీరువా ఉన్నది నాన్న పడుకునే గదిలో. నా సాధన అంతా అక్కడే జరిగేది. నాన్న మంచం కాళ్ళ దగ్గర నిలబడి, దువ్వెన మైకులా పట్టుకుని, వెండికోటు దీదీలా నడుం తిప్పుతూ, గొంతు మాత్రం చీమలకు కూడా వినిపించనంత కింద పెట్టి పాడేదాన్ని. తమ్ముడు గుమ్మంలోంచి తొంగి చూసి "దీదీ, ఆవాజ్ కహాఁ హై?" అని, గొంతేదీ అంటూ గుసగుసగా వెక్కిరించేవాడు. నాకున్న కోరికల్లా ఒక్కటే. ఎప్పటికైనా నాన్న మెలకువగా ఉండగా, ఎదురుగా కూర్చుని నా పాట వినాలి.

ఆ చలికాలంలో మా ఊళ్ళో ఆవిడ పాట కచేరీ పెట్టారు. ఆవిడకంటే ముందు మా బస్తీ పిల్ల ఒకతె పాడాలని నిర్వాహకుల ముచ్చట. మా బడి సంగీతం సారు చిన్న గదిలో మైకు ఇచ్చి ఒక్కొక్కరిచేత పాడించారు. నేను అలవాటు ప్రకారం గుసగుసగా పాడితే ఆయన కళ్ళు మూసుకుని "హస్కీ! ఇదే నేటి గొంతు!" అని నన్నే ఎంచారు. ఆ మాటకి అర్థం తెలియకపోయినా వారం రోజులు నేల మీద నడవలేదు.

ఇక కోటు కావాలి. వెండికోటు లేకుండా ఆవిడ పాట పాడటమంటే అప్పట్లో నా దృష్టిలో మహాపరాధం. మా ఇంట్లో ఒకటి ఉంది కూడా! కొలిమి దగ్గర పనిచేసేవాళ్ళకి వేడి తగలకుండా కార్ఖానావాళ్ళిచ్చే వెండిరంగు కోటది. నాన్నది పాతబడితే అమ్మ దాన్ని వెనక వరండాలో బొగ్గుల డబ్బా మీద కప్పింది. రెండు రోజులు తడిగుడ్డతో తుడిచాను. మోకాళ్ళ కిందికి వచ్చింది. బరువు నా అంత ఉంది. అమ్మ చూసి "ఓలమ్మో, ఇదేసుకుని పాడతావేటే, ఉక్కు కరిగిత్తావేటే?" అంది, గుసగుసగానే.

స్టేజీ వెనక వెండికోటు దీదీ నన్ను చూసి ఆగిపోయింది. నా కోటు అంచు పట్టుకుని చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని, "అరే, తేరా తో అస్లీ హై! మేరా తో సిర్ఫ్ చమక్ హై" అని పకపకా నవ్వింది. నాది అసలుదట, తనది ఉత్త తళుకేనట. నాకు అక్కడే ఆనందంతో సగం గొంతు పోయింది. మిగిలిన సగం మైదానంలో జనాన్ని చూశాక పోయింది. మూడో వరసలో నాన్న, ఇస్త్రీ చొక్కాలో, నా మొహం మీంచి కళ్ళు తిప్పకుండా కూర్చున్నాడు. పాట ఎత్తుకున్నాను. వెనక నుంచి "ఆవాజ్! ఆవాజ్!" అని కేకలు. మైకువాడు శబ్దం పెంచేసరికి అది కీచుమంది. పల్లవి అయ్యి, చరణానికి ముందు ఊపిరి తీసుకుందామని నోరు మూశాను. అంతే, నాన్న లేచి నిలబడి చప్పట్లు! ఒక్కడే, రెండు చేతులూ పైకెత్తి! జనం ముందు నవ్వారు, తరవాత వాళ్ళూ చప్పట్లు కొట్టారు. పాట అయిపోయిందనుకుని నిర్వాహకుడు నా చేతిలోంచి మైకు లాక్కున్నాడు. నా చరణం నా కడుపులోనే ఉండిపోయింది.

ఇంటికొచ్చేదాకా ఏడుపు ఆపుకున్నాను. నాన్న తల వంచుకుని బూట్ల తాళ్ళు విప్పుతున్నాడు. "పాట సగంలో చప్పట్లెందుకు కొట్టినావు నాన్నా?" అన్నాను. పలకలేదు. మళ్ళీ అడిగాను. మూడోసారి నా జన్మలో ఎన్నడూ లేనంత గట్టిగా అరిచాను. అయినా పలకలేదు. అమ్మ వచ్చి భుజం తడితే తలెత్తి, "ఏటి, ఏటంతంది గుంట?" అన్నాడు.

నాకు అప్పుడు అర్థమైంది. ఎదురుగా కూర్చుని నెమ్మదిగా అడిగాను, "నాన్నా, నీకు ఇనబడదా?"

నాన్న లేచి వెళ్ళి ముందు తలుపు వేసి వచ్చాడు. "నాలుగేళ్ళయినాది. కొలిమిలోకి గాలి కొట్టే బ్లోయర్ల హోరు అలాటిది మరి. మొకాలు సూసి మాట పట్టుకుంటన్నాను. డాక్టరుబాబుకి తెలిసిందంటే నన్ను కొలిమి కాడ నుంచి తీసి, గేటు కాడ స్టూలేసి కూకోబెడతారు. ఎవులికీ సెప్పకండి."

అమ్మ చేతిలో గరిటె పైకెత్తింది. "నాలుగేళ్ళా! మరి నాలుగేళ్ళ బట్టీ నాను కుక్కరు కాడ కాపలా కూకున్నదేటి!"

"నువ్వంత సరదాగా కూకుంటే వద్దని ఎలా సెప్తానే? వద్దంటే ఎందుకంటావు. అక్కడితో తెలిసిపోతాది" అన్నాడు నాన్న, తప్పు చేసిన పిల్లాడిలా. తరవాత నా వైపు తిరిగి, "నీ పాట నాను రోజూ సూత్తన్నాను. ఓ కన్ను మూసి, ఓ కన్నుతో, అద్దంలో. ఎంత బాగా పాడతావే తల్లీ" అన్నాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. చూసిన పాటను అంతగా మెచ్చుకున్న మనిషి మీద కోపం ఎలా నిలుస్తుంది?

నాన్న నన్ను బీరువా ముందు నిలబెట్టి, దాని తలుపు మీద అరచెయ్యి ఆనించాడు. "ఇప్పుడు పాడు. గట్టిగా." గూడ్సుబండిని మించి పాడాను, మిగిలిపోయిన చరణం మొత్తం. ఇనప తలుపు జివ్వుమని అదిరింది. నాన్న కళ్ళు పెద్దవయ్యాయి. "తెలుత్తంది... ఆపకు, తెలుత్తంది" అన్నాడు. ఇంతలో గోడ అవతల నుంచి దబదబా బాదారు. ఆ వారం సీ షిఫ్టు పక్కింటి బాబాయిది, డ్యూటీకి ముందు కునుకు తీస్తున్నాడు. ఆ చప్పుడు వినబడని వాడు నాన్న ఒక్కడే కాబట్టి నేను ఆపలేదు.

నాన్న రిటైరయ్యేదాకా ఆ రహస్యం మా నలుగురి మధ్యే ఉంది. అమ్మ మాత్రం కుక్కరు వెయిటు ఎత్తడం మానలేదు, అలవాటైపోయింది అనేది. వెండికోటు దీదీకి కొన్నేళ్ళకు గొంతు ఆపరేషన్ అయింది. ఏదో ఊళ్ళో పిల్లలకు పాటలు నేర్పుతోందని పత్రికలో చివరి పేజీలో చదివి, అది కూడా అతికించి, నోటుబుక్కు మూశాను. నేను గాయనిని కాలేదు. బ్యాంకు కౌంటరు వెనక, "కాస్త గట్టిగా చెప్పండమ్మా" అని అందరూ విసుక్కునే ఉద్యోగినిని అయ్యాను. ఆ ఇనప బీరువా ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. ఎవరూ లేనప్పుడు దాని ముందు నిలబడి, తలుపు మీద అరచెయ్యి ఆనించి, గొంతెత్తి ఆ చరణం పాడతాను. గొంతు బొంగురుపోయింది, శ్రుతి ఎప్పుడో పోయింది. కానీ తెలుస్తుంది నాన్నా, చేతికి తెలుస్తూనే ఉంది.